గొర్రె గుండెలో తెల్లదారం

పశువైద్య కళాశాలలో సీసాల బాబాయ్‌ని ఎరగనివాళ్ళు లేరు. శరీర నిర్మాణ విభాగంలో ఫార్మలిన్ పోసి అవయవాలు నిలవచేసే సీసాలన్నీ ఆయన చేతిమీదుగా నిండినవే. విద్యార్థులను కసరడు గానీ, "కుడి మూత్రపిండమేదో ఎడమదేదో తెలియకుండానే డాక్టర్లయిపోతున్నార్రా మీరు" అని రోజుకోసారైనా అనకపోతే ఆయనకు పొద్దుపోదు.

ఆ సీసాల గదికి ఆయన కోరి వచ్చాడు. అంతకుముందు అదే కళాశాలలో స్టోరు గుమాస్తా. ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగం వదులుకుని, ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండే గదికి బదిలీ చేయమంటే పై అధికారి ఎగాదిగా చూశాడు. అప్పటికి ఆయన భార్య పోయి రెండు నెలలు.

"గుండెలో పై గదులు బాగానే కొట్టుకుంటున్నాయండి. కానీ ఆ కబురు కింది గదులకు అందట్లేదు. మధ్యలో కరెంటు దారి తెగింది" అన్నాడు ఆమెను చేర్చిన రోజు ఆసుపత్రి డాక్టరు. కబురు అందని కింది గదులు తమంతట తామే నిమిషానికి ముప్ఫైసార్లు ఈడ్చుకొచ్చాయి. పేస్‌మేకర్ పెట్టేలోపు అవీ ఆగిపోయాయి.

అంతకుముందు వారమంతా ఆమె మూడో అంతస్తులోని ఇంటికి మెట్లెక్కుతూ ప్రతి మలుపు దగ్గరా నిలబడిపోయింది. "రెండు నిమిషాలుండండి, వస్తున్నా" అనేది. ఈయన పైనుంచి తాళంచెవి ఆడిస్తూ, "అప్పుడే ముసలమ్మవైపోయావేమిటే" అని వేళాకోళం చేశాడే తప్ప ఒక్కనాడూ ఆగలేదు. ఆమెకప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఒక్కసారి ఆ మెట్లమీద ఆమె పక్కన కూర్చుని, "నింపాదిగానే వెళ్దాంలే" అనాలని ఇరవై రెండేళ్ళుగా ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది.

అది ఎలాగూ జరిగే పని కాదు. కనీసం తెగినదేమిటో కళ్ళారా చూడాలనుకున్నాడు. మనిషి గుండె ఎవరిస్తారు? గొర్రె గుండెలోనూ ఏర్పాటు దాదాపు అదే. ఒక్క గుండెలోనైనా ఆ దారి మొత్తం తెగకుండా బయటికి తీయాలి.

పుస్తకంలో బొమ్మ ఉంది. పై కుడిగదిలో, పెద్ద సిర వచ్చి కలిసేచోట, గుండెను నడిపించే కణుపు. అక్కణ్ణుంచి మధ్యగోడ దగ్గరున్న రెండో కణుపుదాకా పసుపు గీత. ఆ గీతను పట్టుకుందామని ప్రతిసారీ పైనుంచే మొదలుపెట్టేవాడు. గోడ పీచుపీచుగా ఊడివచ్చేది, ఆ గీత చూపిన దారం మాత్రం చిక్కేది కాదు. తన చేయే మొద్దనుకున్నాడు. ఎవరినైనా అడిగితే ఎందుకని అడుగుతారేమోనని మొహమాటం. అలా ఎన్ని గుండెలు పాడుచేశాడో ఆయనకే గుర్తులేదు.

ఒకప్పుడు ఆ గదిలోనే చదువుకున్న అమ్మాయి కిందటేడు పాఠాలు చెప్పే మేడమ్‌గా తిరిగివచ్చింది. ఓ మధ్యాహ్నం ఆయన ట్రేలోకి తొంగిచూసింది.

"ఏం వెతుకుతున్నారు బాబాయ్?"

"దారమమ్మా. పై కణుపునుంచి రెండో కణుపుకు వెళ్ళేది."

"అక్కడ దారమేం ఉండదు బాబాయ్. అంతవరకూ కబురు మామూలు కండలోంచే పాకుతుంది. బొమ్మలో గీత మాకు అర్థమవ్వడానికి గీసిందంతే. అసలు దారం రెండో కణుపు దగ్గరే మొదలవుతుంది."

ఆయన చేతిలోని కత్తి ట్రేలో పెట్టేశాడు. ఇన్నేళ్ళూ లేనిదాన్ని వెతికాడు! ఎందుకు వెతికాడో ఆ రోజు మొదటిసారి ఒకరికి చెప్పుకున్నాడు. మెట్ల సంగతితో సహా చెప్పాడు.

మేడమ్ కుర్చీ దగ్గరికి లాక్కుని, "రెండో కణుపు దగ్గర కబురు ఓ క్షణం ఆగుతుంది బాబాయ్. పై గదులు రక్తం దించేదాకా కింది గదులు కాచుకోవాలి కదా" అంది.

"గుండెకున్నపాటి ఓపిక నాకు లేకపోయిందమ్మా" అన్నాడాయన.

ఈసారి ఆమె సలహామీద కిందనుంచి మొదలుపెట్టాడు. కింది కుడిగదిలో ఈ గోడకూ ఆ గోడకూ దండెంలా కట్టి ఉన్న, లోపల దారం కొస సాగే కండపట్టీని పట్టుకున్నాడు. దాన్నిబట్టి మధ్యగోడ ఎక్కాడు. దారం కండలో మునిగిన చోటల్లా కత్తి పక్కనపెట్టి, సూదిమొనతో పొర తర్వాత పొర తప్పించాడు. పై గదులనూ కింది గదులనూ వేరుచేసే గట్టి పొర తగిలింది. కరెంటు దాన్ని దాటలేదు, ఒక్క సందులోంచి తప్ప. ఆ సందులోంచి దూరి దారం పైకి, రెండో కణుపుదాకా వెళ్ళింది. పని ముగిసేసరికి పదకొండు రోజులు పట్టింది.

కుట్టుదారమంత సన్నగా ఉంది. పాలిపోయిన తెలుపు. ఎక్కడా తెగలేదు. ఇంత చిన్న పోగు తెగినందుకా ఆ మనిషి అలా వెళ్ళిపోయిందని ఆయనకు దుఃఖం పొంగుకొచ్చింది.

నమూనా సీసాలోకి దించేముందు ఒక్కో భాగానికి రంగు తల గుండుసూది గుచ్చడం ఆ విభాగంలో పద్ధతి. పరీక్షలో పిల్లలు ఆ సూదిని చూసి పేరు రాయాలి. మేడమ్ ఎర్రసూది అందించింది.

"ఈ సందు దగ్గరేనా అమ్మా, మా ఆవిడకు తెగింది?"

"అక్కడే అయ్యుంటుంది బాబాయ్."

వేల సూదులు గుచ్చిన చేయి అది. మొన దారానికి ఆనేసరికి ఆగిపోయింది. ఆయన సూది వెనక్కు తీసుకుని ఆమె అరచేతిలో పెట్టేశాడు.

"నావల్ల కాదమ్మా. ఈ ఒక్కదాన్నీ ఇలాగే ఉండనివ్వండి."