బాబాయి మెరుగు పెట్టిన రాయి

మొన్న నరసరావుపేట బజారులో ఇంటికి పేరుపలక చేయిద్దామని ఒక దుకాణం ముందు నిలబడ్డాను. లోపల లేజరు మిషను అక్రిలిక్ షీటు మీద ఎవరిదో పేరు చెక్కుతోంది, కాలిన ప్లాస్టిక్ వాసన రోడ్డు దాకా కొడుతోంది, అక్షరాల అంచులు కరిగి ముద్దకట్టాయి. ఇంతకన్నా మంచి లేజరయితే ఇలా కరగదని చెప్పబోయి, ఈ ఎండలో ఎవరికి కావాలిలెమ్మని ఊరుకున్నాను. ఈ మధ్య నోరు తెరవాలంటేనే నీరసంగా ఉంటోంది.

మన ఈడువాళ్ళకు లేజరంటే సినిమాల్లో విలన్ దగ్గరుండే వస్తువే. నేను మాత్రం చిన్నవయసులో హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో దానితోనే కాపురం చేశాను. కిటికీల్లేని చల్లటి గదిలో, ఊహకు కూడా అందనంత తక్కువసేపు వెలిగే కురచ వెలుగు దెబ్బలతో ప్లాస్టిక్‌నీ రాతినీ చెక్కి, ఆ గుంటలను మైక్రోస్కోపు కింద చూడటమే నా పని. దెబ్బ నిదానమైతే వేడి చుట్టూ పాకి ప్లాస్టిక్ కరుగుతుంది. అంత కురచదైతే వేడి పాకేలోగానే తగిలిన మేర పదార్థం ఆవిరై లేచిపోయి, అంచు శుభ్రంగా మిగులుతుంది. ప్లాస్టిక్ తేలిగ్గా లొంగేది, రాయి మొండికేసేది. ఆ తేడా ఎంతో తేల్చి చూపిస్తేనే ఫెలోషిప్ పొడిగిస్తామన్నారు, లేదంటే మూటాముల్లె సర్దుకోవడమే.

మాచర్లలో బండల ఫ్యాక్టరీ నడిపే మా బాబాయిని రాయి అడిగాను, గనిలో తీసింది తీసినట్టే కావాలన్నాను. ఆయన ముక్కలు కోయించి, పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అద్దంలా ఉన్నాయి. మా రాయి నునుపే అంతనుకుని, నీళ్ళతో కడిగి మిషను కింద పెట్టాను.

ఆ వేసవంతా రాయి ప్లాస్టిక్‌లాగే ప్రవర్తించింది. చిన్న దెబ్బకే గుంట పడేది, గుంట చుట్టూ పొర లేచేది. లెక్కలు ఎన్నిసార్లు చూసుకున్నా అంతే. చివరికి విసుగొచ్చి స్పిరిట్ దూదితో గట్టిగా తుడిస్తే మెరుపంతా దూదికి అంటుకొచ్చింది. నేనిన్నాళ్ళూ కొలిచింది రాతిని కాదు, మెరుపు కోసం పైన పట్టించిన మైనాన్ని.

ఊరెళ్ళి అడిగితే బాబాయి సంబరంగా చెప్పాడు. "వట్టి బండ ఎట్టా పంపుతానమ్మా? అంత పెద్ద సార్ల ముందు మన రాయి చిన్నబోదూ? పనోళ్ళకియ్యకుండా నేనే కూర్చుని రుద్దా." ఆ వెంటనే, "మరి తట్టుకుందా?" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ మొహం చూశాక తట్టుకుందనే చెప్పాను.

మళ్ళీ మొదలుపెట్టడానికి మిషను దొరకలేదు, అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. ఫెలోషిప్ పోయింది. సత్తెనపల్లి కాలేజీలో లెక్చరరుగా చేరి, చేత్తో పట్టిన వెలుగును నల్లబల్ల మీద సుద్దముక్కతో గీస్తూ రిటైరయ్యాను. బాబాయి మాత్రం ఏ పెళ్ళిలో కనిపించినా పదిమందినీ పోగేసి, లేజరు పెట్టినా మన బండకు గీత పడలేదని, కావాలంటే మా అమ్మాయిని అడగమని చెప్పేవాడు. నేను తలూపేదాన్ని. ఆయన పోయేదాకా అలా ఊపుతూనే ఉన్నాను.

ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు ఏది అడిగినా అడిగింది అడిగినట్టే అట్టపెట్టెలో గుమ్మంలోకి వస్తోంది, తప్పు పట్టడానికేమీ ఉండటం లేదు. అంత ప్రేమగా నా పని పాడుచేసే మనిషే లేకుండా పోయాడు.