రికార్డులో లేని ఇరవై మూడు సమాధులు

1995 వేసవి. సర్వేయర్‌గా నాకది పదమూడో ఏడు. బాపట్లకీ రేపల్లెకీ మధ్య, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక మండలంలో పనిచేస్తున్నాను. ఆ మండలం పేరూ ఊరి పేరూ ఇక్కడ రాయడం లేదు. తప్పు చేసింది నేను. ఊరికి దాంతో సంబంధం లేదు.

మద్రాసు నుంచి ఒక కంపెనీ వచ్చి, ఆ ఊరి ఇసకదిబ్బ మీద గాలిమరలు నిలబెట్టి కరెంటు తీస్తామని దరఖాస్తు పెట్టుకుంది. దిబ్బ పోరంబోకు, అంటే ప్రభుత్వ భూమి. అలాంటి భూమిని ఎవరికైనా ఇవ్వాలంటే ముందు సర్వేయర్ వెళ్ళి కొలిచి, అందులో ఏముందో రాయాలి. తరువాత ఊళ్ళో టముకు వేయించి, గ్రామసభ పెట్టి, జనం అభ్యంతరాలు వినాలి. ఆ కాగితాలన్నీ కలిపి ఎమ్మార్వో గారు తెనాలి డివిజన్ ఆఫీసుకి పంపితే, అక్కణ్ణించి గుంటూరు వెళ్ళి మంజూరవుతుంది. ఇంత తతంగంలోనూ భూమిని కళ్ళతో చూసే మనిషి సర్వేయర్ ఒక్కడే. మిగతావాళ్ళందరూ అతను రాసింది చదివి సంతకం పెడతారు.

మే నెలలో కొలతకి వెళ్ళాను. దిబ్బ చుట్టూ కొలత గొలుసు లాగి హద్దులు కట్టేసరికి పన్నెండయింది. ఇసక కాలిపోతోంది. చెప్పుల్లోంచి సెగ తగులుతోంది. పైకెక్కి చూడాలి. నేను ఎక్కలేదు. కింద నుంచే తలెత్తి చూసి, రిమార్కుల గడిలో ‘ఖాళీ ఇసకదిబ్బ. కట్టడాలు లేవు. ఆక్రమణలు లేవు’ అని రాసి సంతకం చేశాను.

జూలైలో ఊరి ఎలిమెంటరీ స్కూల్లో గ్రామసభ పెట్టారు. కంపెనీ ఇంజినీరు కుర్రాడు పెద్ద పెద్ద ఫొటోలు గోడకి తగిలించి, గాలికి రెక్కలు తిరిగితే కరెంటు ఎలా పుడుతుందో ఓపిగ్గా చెప్పాడు. జనం కూడా శ్రద్ధగానే విన్నారు.

“ఆ చప్పుడికి గేదెలు బెదురుతాయేమోనండి?” అని ఒకాయన అడిగాడు.

“దగ్గరకెళ్తే వినిపిస్తుందండి. ఊళ్ళోకి రాదు” అన్నాడు ఇంజినీరు.

“మరి మా ఊరికి కరెంటు ఇస్తారా?”

“నేరుగా ఇవ్వలేమండి. అంతా గవర్నమెంటు లైన్లో కలుస్తుంది. అక్కణ్ణించి మీకు వచ్చేదే వస్తుంది.”

ఉన్నమాట చెప్పాడని నాకు అతని మీద గౌరవం కలిగింది. సభ అయిపోవచ్చింది. ‘అభ్యంతరాలు లేవు’ అని తీర్మానం రాయబోతుంటే గుమ్మం దగ్గర నుంచున్న ఒకావిడ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. కూలిపని చేసే మనిషని చేతులు చూస్తేనే తెలుస్తోంది. పేరు మరియమ్మ.

“అయ్యగారూ, ఆ దిబ్బమీద మావోళ్ళున్నారండి” అంది.

ఎమ్మార్వో గారికి అర్థం కాలేదు. “ఎవరమ్మా? అక్కడ ఇళ్ళు లేవుగా?”

“ఇళ్ళు కాదండి. డెబ్బై ఏడు ఉప్పెనలో పోయినోళ్ళు. అక్కడే పూడ్చామండి.”

ఎమ్మార్వో గారు నా రిపోర్టు తిప్పి చూశారు. తరువాత నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. “రాతపూర్వకంగా ఇస్తావా?” అని ఆవిణ్ణి అడిగారు.

“నాకు వేలిముద్రేనండి.”

“సరే. సర్వేయర్ గారు మళ్ళీ వచ్చి చూస్తారు. ఆయన ఎలా రాస్తే అలా చేద్దాం” అని సభ ముగించారు.

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను. ఈసారి మరియమ్మే ముందు నడిచింది. దిబ్బ పైన సరుగుడు మొక్కల వెనక కొంత చదునైన జాగా ఉంది. అక్కడ ఇసకలో సగం కూరుకుపోయిన తాటిమొద్దులు, వాటి మీద చారలుగా మిగిలిన పాత సున్నం. కింద నుంచి చూసినవాడికి కనపడవు. పైకెక్కినవాడికి కనపడకుండా ఉండవు.

“ఇక్కడెందుకు పూడ్చారమ్మా? చర్చి దగ్గర జాగా లేదా?” అని అడిగాను.

“గుడి చుట్టూ నడుంలోతు నీళ్ళండి. పొలాల్లో ఎక్కడా ఆరడుగులు పొడినేల లేదు. ఇదొక్కటే తేలింది. దొరికినోళ్ళని దొరికినట్టు ఇక్కడికే మోసుకొచ్చాం.”

ఒక్కో మొద్దు దగ్గరా ఆగి పేరు చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. మొత్తం ఇరవై మూడు. వాటి మధ్యలో మూడు పక్కపక్కనే ఉన్నాయి. “మా ఆయన యోహాను. ఇది నా కూతురు సువార్త, ఏడేళ్ళు. ఇది చిన్నోడు దావీదు” అంది. చిన్నవాడి మొద్దు మీద పడిన ఇసక చేత్తో తుడిచింది. “ప్రతి ఈస్టరుకీ తెల్లారేసరికి వచ్చి కొవ్వొత్తులు పెడతామండి. గాలికి నిలవవు. అయినా పెడతాం.”

మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోట సర్వే రాయి ఒకటి ఉంటుంది. దాన్ని ట్రైజంక్షన్ అంటాం. ఆ రాయి దగ్గర మొదలుపెట్టి గొలుసు పరిచి, ప్రతి సమాధికీ ఆఫ్‌సెట్ తీశాను. అంటే గొలుసు నుంచి అడ్డంగా ఎంత దూరమో కొలిచాను. నా నోట్‌బుక్కులో స్కెచ్ వేసి, ఒక్కో అంకె పక్కన పేరు రాసుకున్నాను. పని పూర్తయ్యాక మరియమ్మ, “ఇంక పర్వాలేదుగా బాబూ?” అంది.

“చూశానుగా అమ్మా. రాస్తాను” అన్నాను.

ఆ సాయంత్రం ఆఫీసులో రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. నా మొదటి రిపోర్టులో ‘ఖాళీ’ అని ఉంది. ఇప్పుడు ‘ఇరవై మూడు సమాధులున్నాయి’ అని రాస్తే, మొదట చూడకుండానే సంతకం పెట్టానని ఒప్పుకున్నట్టే. మెమో ఇస్తారు. ప్రమోషన్ లిస్టు తయారవుతున్న రోజులవి. చాలాసేపు ఆలోచించి ఇలా రాశాను: ‘సదరు దిబ్బపై కొన్ని సమాధులు ఉన్నట్లు స్థానికులు కొందరు చెబుతున్నారు. రెవెన్యూ రికార్డులలో నమోదు లేదు.’

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. స్కెచ్ మాత్రం జత చేయలేదు.

ఎమ్మార్వో గారు చదివి కళ్ళజోడు తీసి, “అంటే ఉన్నాయా లేవా?” అని అడిగారు.

అది నాకు దొరికిన రెండో అవకాశం. “రికార్డులో లేవండి” అన్నాను.

ఆయన సంతకం పెట్టారు. ఫైలు తెనాలి వెళ్ళింది, గుంటూరు వెళ్ళింది, నాలుగు నెలలకి మంజూరై వచ్చింది. అభ్యంతరానికి తగిన ఆధారం లేదని అందులో ఒక వాక్యం ఉంది. పై అధికారులని ఏమనగలను? వాళ్ళు నా మాటనే నమ్మారు. ప్రమోషన్ లిస్టులో నా పేరూ వచ్చింది. కొత్త పోస్టింగు ఇచ్చేదాకా ఇక్కడే ఉండమన్నారు.

మరుసటి మార్చిలో ఒకరోజు మధ్యాహ్నం మరియమ్మ ఆఫీసుకొచ్చింది. ఎండలో నడిచొచ్చినట్టుంది, మొహం వాడిపోయింది. అప్పటికి కొన్ని రోజులుగా దిబ్బ మీద మిషన్లు తిరుగుతున్నాయని నాకు తెలుసు. అటు వెళ్ళకుండా తప్పించుకుంటున్నాను.

“దిబ్బ చదును చేసి రోడ్డేశారు బాబూ. మొద్దులు పీకి పక్కన పోశారు. ఈస్టరు దగ్గరికొచ్చింది. ఎవరు ఎక్కడున్నారో తెలవట్లేదు. మీరు కొలిచారుగా. వచ్చి చూపిస్తారా?”

ఆమె గొంతులో కోపం లేదు. నేనేం రాశానో ఆమెకి తెలియదు. నేను రాయవలసిందే రాశాననీ, పైవాళ్ళు వినలేదనీ అనుకుంటోంది.

మరునాడు పొద్దున్నే నోట్‌బుక్కూ గొలుసూ తీసుకుని వెళ్ళాను. గొలుసు పట్టే చైన్‌మన్ సెలవులో ఉన్నాడు. గొలుసు రెండో కొస మరియమ్మే పట్టుకుంది. సర్వే రాయి చెక్కుచెదరలేదు. అక్కణ్ణించి కొలుచుకుంటూ పోతే సమాధుల్లో సగానికి పైగా ఎర్ర కంకర రోడ్డు కిందికి వచ్చాయి. స్కెచ్‌లో పన్నెండో అంకె యోహానుది. ఆఫ్‌సెట్ కొలిచి రోడ్డు మధ్యలో మేకు గుచ్చి, “ఇక్కడమ్మా” అన్నాను.

ఆమె ఆ కంకర మీద కూర్చుంది. ఏడవలేదు. చేత్తో రాళ్ళు పక్కకి నెడుతూ ఉండిపోయింది. ఆ చేతిని చూశాక నాకు దాచుకోవడం చేతకాలేదు.

“మరియమ్మా, తప్పు నాది. సమాధులున్నాయని నేను రాయలేదు. మీరు చెబుతున్నారని రాశాను. ఉన్నాయని రాస్తే మొదటి తప్పు బయటపడుతుందని భయపడ్డాను.”

ఆమె తలెత్తి నా మొహంలోకి చూసింది.

“మీరు చూశారుగా బాబూ” అంది.

“చూశానమ్మా.”

“పేర్లు కూడా రాసుకున్నారుగా.”

“రాసుకున్నాను.”

చేతులు దులుపుకుని లేచి, గొలుసు కొస అందుకుని, “పాపది చూపించండి” అంది. ఇరవై మూడూ చూపించేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. స్కెచ్ ఆమెకి ఇవ్వబోతే తీసుకోలేదు.

మర్నాడు ఎమ్మార్వో గారి దగ్గరికెళ్ళి జరిగినదంతా రాసిచ్చాను. మెమో వచ్చింది, ప్రమోషన్ కొన్నేళ్ళు ఆగింది. ఆ రోడ్డు మాత్రం కదల్లేదు. కంపెనీవాళ్ళు దిబ్బ మీద ఒక పొడుగాటి స్తంభం పాతి ఏడాదిపాటు గాలి వేగం కొలిచారు. తాము అనుకున్నంత గాలి లేదని తేల్చుకుని, స్తంభం విప్పుకుని వెళ్ళిపోయారు. ఒక్క గాలిమర కూడా లేవలేదు. పది తిరుగుతూ ఉంటే, దేశానికి కరెంటు వస్తోంది కదా అని నాకు నేను ఏదో ఒక మాట చెప్పుకునేవాణ్ణేమో. ఆ మాట కూడా లేకుండా పోయింది.

తరువాత రిటైరయ్యేదాకా నా చేతి కింద పనిచేసిన సర్వేయర్లకి ఈ సంగతి చెబుతూనే వచ్చాను. గొలుసు తప్పయితే ఇంకోసారి లాగి సరిచేసుకోవచ్చు. కళ్ళతో చూసినదాన్ని ఇంకొకరి నోటిమాటగా రాస్తే, దాన్ని సరిచేసే కొలత మన శాఖలో లేదు. చూస్తే చూశానని రాయండి. మొదటిసారి చూడకపోతే చూడలేదని కూడా రాయండి. అంతవరకే నేను నేర్చుకోగలిగాను. నేర్చుకున్నది నాకు పనికొచ్చింది, వాళ్ళకి పనికొచ్చింది. మరియమ్మకి మాత్రం ఏ విధంగానూ పనికిరాలేదు.