నా నడుం మీది సూది మచ్చలు

బైబిల్లో ఉన్న దయ్యాలను తప్ప ఏ దయ్యాన్నీ నేను నమ్మలేదు. వాటిని కూడా ఆదివారం పూటే నమ్మేదాన్ని. షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఉంటూ ఒక క్లినిక్‌లో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం నాది. మైక్రోస్కోపులో కనబడనిదేదీ లెక్కచేసే మనిషిని కాను.

ఎనభైల్లో మా అన్నయ్యకి ఎముకల్లోని మూలుగ పాడైపోయి, రక్తం తయారవడం ఆగిపోయింది. తోబుట్టువు మూలుగలోని మూలకణాలు ఎక్కిస్తేనే బతుకుతాడన్నారు.

రోజూ ఆసుపత్రికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది నేను. నోరు పూసి ఏమీ తినలేకపోతే జావ కాచి తాగించింది నేను. తీరా పరీక్షలు చేస్తే మ్యాచ్ అయింది మా చెల్లి విమల! డెట్రాయిట్‌లో కూర్చుని క్రిస్మస్‌కి కార్డు పంపే విమల! నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నయ్య బతుకుతాడన్న సంతోషం లేదా అంటే, ఉంది. కానీ దాని చలవతోనే ఎందుకు బతకాలి?

మా తెలుగు చర్చి సంఘం వాళ్ళు ఉపవాస ప్రార్థన పెట్టి, విమలది ఎంత పెద్ద మనసో అని తెగ పొగిడారు. ఉపవాసం విడవడానికి వాళ్ళందరికీ ఉప్మా చేసింది కూడా నేనే.

ఆపరేషన్ రోజు పొద్దున చెల్లికి మత్తిచ్చి, నడుం కింది ఎముకలో సూదులు గుచ్చి మూలుగ తీస్తున్నారు. నేను బయట కుర్చీలో ఉన్నాను. ఉన్నట్టుండి నా నడుం కింద రెండు పక్కలా మేకులు దిగ్గొట్టినట్టయింది. అమ్మో అని అరిచాను. నర్సు పక్క గదిలోకి తీసుకెళ్ళి చూసింది. వరసగా ఎర్రటి చుక్కలు, చుట్టూ కమిలిన చర్మం.

"మీరు కూడా మ్యారో ఇచ్చారా?" అని అడిగింది. నాతో వచ్చిన మా ఆయన కూడా కళ్ళారా చూశారు. పొద్దున చీర కట్టుకున్నప్పుడు అక్కడ ఏమీ లేదు.

మత్తు దిగాక విమల లేచి చకచకా నడిచింది. సూది గుర్తులున్నాయి గానీ నొప్పి లేదు, కమిలిందీ లేదు. అందరూ ప్రార్థనా ఫలం అన్నారు.

అన్నయ్య కోలుకున్నాక మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాం. మా వాళ్ళలో సాక్ష్యం అంటే ముందు పడ్డ బాధ చెప్పాలి, తర్వాతే దేవుడు చేసిన మేలు. విమల లేచి నిలబడింది. బాధ దగ్గరికొచ్చేసరికి చెప్పడానికేమీ లేక, ఏడుస్తూ కూర్చుండిపోయింది. ఆనందబాష్పాలు అనుకున్నారు అందరూ.

తర్వాత వంటింట్లోకి వచ్చి తలుపేసింది. నా మచ్చల సంగతి మా ఆయన ముందే చెప్పేశారట. చూపించమంది. చూపించాను. మచ్చల్ని ఒక్కొక్కటే వేలితో తడిమింది.

"చిన్నప్పట్నుంచీ అన్నయ్యకి నువ్వంటేనే ప్రాణం అక్కా. ఈ ఒక్కటన్నా నాది అనుకున్నాను. ఇందులో నొప్పి కూడా నువ్వే లాగేసుకున్నావా?"

ఇన్నాళ్ళూ అది కూడా నన్ను చూసి కుళ్ళుకుంటోందని నాకేం తెలుసు!

తర్వాత డాక్టర్లకి చూపించాను, నాకు తెలిసిన చదువంతా తిరగేశాను. అదెలా జరిగిందో ఇప్పటికీ అంతుపట్టలేదు. అన్నయ్య ఒంట్లో తిరుగుతున్నది విమల రక్తమే. చెల్లి మా ఇంటికొచ్చినప్పుడల్లా ఆ మచ్చలు మళ్ళీ ఒకసారి చూపించమంటుంది.

చూపించను. అవి నావి.