కర్టెన్ లేని కిటికీ

విదేశీయులకు గది ఇచ్చేది లేదని ఏజెంటుకు ఖరాఖండిగా చెప్పినదాన్ని నేనే. ఒసాకాలో మా పేట వృద్ధుల కేంద్రంలో నా పాదాలు కడిగే బర్మా పిల్ల సాందాకు ఆ సంగతి తెలియదు.

"గది దొరికిందా అమ్మాయ్?" అన్నాను మాటవరసకు.

"లేదు కినుయో గారూ. చేపల కొట్టు వెనక మేడ మీది గది అడిగితే, ఎవరో చేరిపోయారన్నాడు ఏజెంటు. మూడు నెలలైంది, కిటికీకి కర్టెన్ కూడా కట్టుకోలేదు. పాపం, వాళ్ళకి ఎండ కొట్టదూ?"

ఆ మేడ నాదే. పాదాలు వెనక్కి లాక్కున్నాను.

"నీళ్ళు వేడిగా ఉన్నాయా?"

"ఆఁ, కాలుతున్నాయి" అన్నాను. గోరువెచ్చగానే ఉన్నాయి.

ఇంటికి రాగానే, మోకాళ్ళు నొప్పెడుతున్నా మెట్లెక్కి, ఖాళీగా ఉన్న ఆ గది కిటికీకి నా పాత కర్టెన్ తగిలించి దిగాను.