థలామస్ చెప్పిన తేమ

గుంటూరు మిర్చి యార్డులో నా కుడిచేతికి ఉన్న పరపతి నాకెప్పుడూ లేదు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, మూతి విప్పగానే అందులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుప్పెడు కాయ పిసికి, ఎండిందో తేమ ఉందో చెప్పేవాడిని. కొనే వ్యాపారి తరఫున అదే నా ఉద్యోగం. కొట్టులో తేమ కొలిచే మిషన్ ఒకటుండేది. మా గుమాస్తా దాని మీద టీ గ్లాసులు పెట్టుకునేవాడు. ఈయన చెయ్యి ఉండగా మిషనెందుకని వ్యాపారి అనేవాడు. నేను కాదనేవాడిని కాదు.

పంట మీద ఎడమచెయ్యి వెయ్యకూడదు, లక్ష్మీదేవి అలుగుతుంది. దేవి అలకల గురించి మా యార్డులో తెలియనివాడు లేడు. అందుకని నా ఎడమచెయ్యి పాతికేళ్లూ జేబులోనే ఉండి జీతం తీసుకుంది.

నిరుడు సీజను మధ్యలో ఒకరోజు పొద్దున లేచేసరికి కుడిబుగ్గ నుంచి కుడి అరికాలి దాకా మొద్దుబారింది. మూతి వంకరపోలేదు, మాట తడబడలేదు. మూతి వంకరపోనిది పక్షవాతమే కాదని మా పేటలో అందరికీ తెలుసు కాబట్టి, కాఫీ తాగి యార్డుకు పోయాను. రెండు వారాలకు ఆ మొద్దుతనంలోంచి మంట మొదలైంది.

మిర్చి యార్డులో చెయ్యి మండుతోందని చెప్పుకోవడం చెరువులో నిలబడి తడిశానని చెప్పుకోవడమే. ఎవరూ తల కూడా తిప్పలేదు.

"ఈ ఏడు కాయ ఘాటెక్కువేమోనండీ" అని మా ఆవిడ గిన్నెడు మజ్జిగ తెచ్చి చెయ్యి ముంచమంది. మా కొట్టు హమాలీ ఆముదం రాయమన్నాడు. ఆర్.ఎం.పి. గారు ఆముదాన్ని తీసిపారేసి, ఒక ఇంజక్షన్ పొడిచి, మజ్జిగ మాత్రం మానొద్దన్నారు. యార్డుకు వరసగా మూడు రోజులు సెలవొచ్చి కాయ ముట్టకపోయినా మంట తగ్గలేదు.

"లోపలికి ఇంకిపోయుంటదిలే బాబాయ్" అన్నాడు హమాలీ. ఆ ముక్క నాకూ సబబుగానే తోచింది.

ఆ చేత్తోనే రోజూ టిక్కీలు చూశాను. వినుకొండ వైపు నుంచి ఒక కౌలు రైతు కాయ తెచ్చింది. నడివయసు ఆడమనిషి. చెయ్యి పెడితే చల్లగా, చెమ్మగా తగిలింది.

"తేమ ఉందమ్మా. మళ్లీ ఎండబెట్టి తీసుకురా" అన్నాను.

"ఇరవై రోజులు కళ్లంలో తిరగేశానండీ. ఇదిగో, వినండి." ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఆడించింది. గింజలు గలగలమన్నాయి.

"పాతికేళ్ల వాడిని, నాకు నేర్పుతావా?" అని నవ్వాను. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఆమె టిక్కీలు తిరిగి ఆటోలోకి ఎక్కించుకుని వెళ్లిపోయింది.

నెల తర్వాత కుడికాలి చెప్పు దారిలో ఎక్కడో జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో ఇంటికి నడిచొచ్చాను. దాంతో మా ఆవిడకు మజ్జిగ మీద నమ్మకం పోయి, నన్ను నరాల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

స్కానింగు బొమ్మలో ఒక చిన్న మచ్చ చూపించారావిడ. మెదడుకు నట్టనడుమ, కుడికొకటి ఎడమకొకటి, గుడ్డు ఆకారంలో రెండు చిన్న ముద్దలుంటాయట. వాటిని థలామస్ అంటారట. కన్ను, చెవి, చర్మం పంపే కబుర్లన్నీ ముందు అక్కడికి చేరి, జల్లెడపట్టించుకుని, అప్పుడు మెదడు పైపొరకు పోతాయి. వాసన ఒక్కటే దాన్ని అడగకుండా నేరుగా పోతుంది. నిద్రకూ మెలకువకూ కూడా దాని పెత్తనం ఉంది. కుడివైపు ఒంటి కబుర్లను ఎడమ థలామస్ చూసుకుంటుంది. నాకు అక్కడే ఒక సన్నటి రక్తనాళం మూసుకుపోయింది. ఇన్నాళ్లూ నా తలలో కూడా ఒక కమీషన్ కొట్టు నడుస్తోందని నాకు తెలియదు.

"మీ చెయ్యి సరుకు సరిగ్గానే పంపుతోందండీ. అక్కడ మారిపోతోంది" అన్నారావిడ, నేను చేసే పని తెలుసుకుని. తర్వాత కళ్లు మూసుకోమని కుడి అరచేతికి ఏదో తాకించారు.

"తడి దూది" అన్నాను.

ఎడమ అరచేతికి తాకించారు.

"పొడి దూది."

కళ్లు తెరిస్తే ఆవిడ చేతిలో ఉన్నది ఒకే దూది. పొడిగానే ఉంది.

నాకు జబ్బు మాట గుర్తుకు రాలేదు. ఆ నెలన్నరలో తేమ ఉందని తిప్పి పంపిన టిక్కీలు గుర్తుకొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఎడమచెయ్యి ఒక్కసారి జేబులోంచి తీసి ఉంటే తెలిసేది. లక్ష్మీదేవికి కోపం వస్తుందని ఆగాను. రైతుకు కోపం వస్తుందని ఏ రోజూ ఆగలేదు.

కొట్టులో ఆ కౌలు రైతు ఊరు కనుక్కుని వినుకొండ బస్సెక్కాను. రెండోసారి ఎండబోసిన కాయ అకాల వానకు తడిసిందట. రంగుపోయి, తెల్లబారి, టార్పాలిన్ పట్టా మీద పడి ఉంది. పక్కన కూర్చుని ఆమె పనికొచ్చేవి ఏరుకుంటోంది.

"ఆ రోజు మీ కాయ ఎండే ఉందమ్మా" అని మొదలుపెట్టి, థలామస్ సంగతంతా చెప్పాను. గుడ్డు ఆకారం కూడా వదలలేదు. ఆమె ఏరడం ఆపి విన్నది.

"మందులు వాడుతున్నారా?" అని అడిగింది.

"వాడుతున్నానమ్మా."

"చేతికి జబ్బు చేసింది, సరేనండీ. ఆ రోజు కాయ మీ చెవి దగ్గర ఆడించాను గదా. చెవికేమైంది?"

"చెవికేం కాలేదమ్మా" అన్నాను.