మాస్టారికి నేను పెట్టిన పేరు

మా సోషల్ మాస్టారు గొప్పలు చెప్పుకుంటారని స్టాఫ్ రూంలో అందరం అనుకునేవాళ్లం. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఆయన నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. అంతకుముందు కొయ్యూరు వైపు కొండ ఊళ్లలో పాఠాలు చెప్పి వచ్చారు. వాన పడితే చాలు, ఆయనకు ఒకటే కథ. పొంగుతున్న గెడ్డలో, అదే కొండవాగులో, ఒక నిండు గర్భిణిని డోలీలో మోసి దాటించారట. "నీళ్లు ఇక్కడికండీ," అని గుండె మీద చెయ్యి పెట్టి చూపించేవారు. మేం ఒకరినొకరం చూసుకునేవాళ్లం.

ఒకరోజు భోజనాల వేళ ఆయన కథ ముగించగానే, "దీన్ని ఇంగ్లీషులో గాస్కనేడ్ అంటారు," అన్నాను.

"అంటే ఏటండీ?" అంది లెక్కల టీచరు.

నాకు కావలసింది అదే. ఫ్రాన్సులో గాస్కనీ అని ఒక ప్రాంతం ఉంది, అక్కడివాళ్లు తమ శౌర్యం గురించి తెగ కోతలు కోస్తారని పేరు పడింది, చివరికి వాళ్ల సీమ పేరే కోతలకు పేరైపోయి ఇంగ్లీషులోకి వచ్చింది అని పాఠంలా చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. క్యారేజీ మూత పెట్టుకుంటూ ఆయనా నవ్వారు.

మర్నాటినుంచి ఆయన గాస్కనేడ్ మాస్టారు. పేరు పిల్లలకూ పాకింది. ఆ తర్వాత ఎన్ని వానలు పడినా ఆయన ఆ కథ ఎత్తలేదు. ఏడాది చివర మోకాళ్ల నొప్పులని చెప్పి మానేశారు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

ఆ వేసవిలో అడ్మిషన్ల కోసం మమ్మల్ని ఊళ్ల మీదికి పంపారు. కొయ్యూరు దాటాక ఒక ఇంట్లో ఒకావిడ మంచినీళ్లిచ్చి, మా కరపత్రం చూసింది.

"మా మాస్టారు ఈ బడిలోనే కదండీ? బాగున్నారా?"

"ఆయన మీకెలా తెలుసు?"

"అలగంటారేటండీ! గెడ్డ పొంగినప్పుడు నన్ను డోలీలో దాటించినారు. ముందు పట్టినోరు ఆయనే. పీక దాకా నీళ్లు. ఆయన నేకపోతే నానూ ఉండను, ఈ పిల్లా ఉండదు."

గుమ్మంలో ఒక అమ్మాయి జడ అల్లుకుంటోంది.

పీక దాకా. ఆయన గుండె దగ్గరే ఆగేవారు. తిరుగు బస్సులో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ గాస్కనీ వాళ్ల కథల్లో ఎన్ని నిజాలో నవ్వినవాళ్లలో ఎవరైనా వెళ్లి కనుక్కున్నారా? మాట పుట్టుక అంత చక్కగా చెప్పిన నాకు ఆ ప్రశ్నే తోచలేదు.

బలిఘట్టంలో ఆయన ఇంటికి వెళ్లాను. మజ్జిగ ఇచ్చారు. ఆవిడ చెప్పిందంతా చెప్పి, "తప్పు చేశాను మాస్టారూ, క్షమించండి," అన్నాను.

ఆయన నా గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోశారు.

"అన్నిసార్లు సెప్పడం నాదీ తప్పేనమ్మా. నా బతుకులో నేను సేసిన పెద్ద పని అదొక్కటే. ఇంకోటుంటే అదీ సెప్పుకుందును."

ఆ పిల్ల ఏ క్లాసని ఆయనే అడిగారు. ఎనిమిది అన్నాను. "అప్పుడే!" అని మురిసిపోయారు.

బడి తెరిచాక స్టాఫ్ రూంలో ఉన్నదున్నట్టు చెప్పాను. లెక్కల టీచరు తల దించుకుంది. ఇంతలో గంట కొట్టారు, ఎవరి క్లాసుకు వాళ్లం వెళ్లిపోయాం. మళ్లీ రమ్మని రెండుసార్లు అడిగినా మాస్టారు బడికి రాలేదు.