గుట్ట చుట్టూ దారి

నాకు కాలు నిలవదు. పుట్టుబుద్ధి అది. "వీడు కడుపుల పడ్డప్పుడు ఏ తొవ్వ తొక్కిన్నో ఏమో, గిట్ల పుట్టిండు" అని నన్ను కన్న మా అవ్వ వచ్చిపోయే వాళ్ళందరికీ చెప్పుకునేది. ఇంకో ఇంట్లో అయితే చెల్లిపోయేదేమో గాని, మాది బట్టలు నేసే ఇల్లు. బాపు పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడంటే పొద్దుగూకేదాకా రెండు కాళ్ళూ కింద కర్రలు తొక్కుతూనే ఉంటాయి. అంత తొక్కినా మనిషి జానెడు ముందుకు పోడు. అది చూస్తుంటే నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది. నన్నూ గుంతలో కూర్చోబెట్టారు. ఎన్నాళ్ళు కూర్చుంటాను? ఓ పూట పోగులు తెంపి, ఓ పూట అలిగి, చివరికి కరీంనగర్‌లో ఒక చిన్న అచ్చాపీసులో అక్షరాలు పేర్చే పనికి కుదిరాను.

పని కుదిరాక చేసిన మొదటి పని సైకిల్ కొనడం. పాతదే. రంగు పోయింది, సీటు చిరిగింది, ఎడమ పెడలు వంకర. బెల్లు మాత్రం కొత్తది, నేనే వేయించాను. బొటనవేలితో అట్లా తగిలిస్తే చాలు, వీధి ఆ చివరన ఎవరో ఒకరు తలుపు తీసి చూసేవారు. కాళ్ళు చేసేది ఇక్కడా తొక్కుడే, కానీ ఇక్కడ తొక్కితే ఊరు వెనక్కి పోతుంది! బాపుకు ఈ సంగతి చెబితే నవ్వాడు. "పోనీ, నీ కాళ్లకైన పని దొరికింది" అన్నాడు.

మా ఊరి బాట సంగతి ఇక్కడ చెప్పాలి. కరీంనగర్ నుంచి మా ఊరికి తిన్నని బాట ఒకటే. ఊరి మొదట్లోనే దొర గడి ఉండేది. ఎత్తు గోడ, రెండు బురుజులు, ఏనుగు పట్టేంత దర్వాజ. ఆ గోడ మొదలైన చోట సైకిల్ మీదున్నవాడు దిగాలి, చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి, గోడ అయిపోయేదాకా సైకిల్ నడిపించుకుంటూ పోవాలి. బెల్లు కొట్టడమన్న మాటే లేదు. పోలీసు యాక్షన్ అయిపోయింది, దొర హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకుని పంట చేతికొచ్చినప్పుడు మాత్రమే వచ్చిపోతున్నాడు, మేం ఓట్లు కూడా వేసొచ్చాం. అయినా గడి ముందు జనం సైకిళ్ళు దిగి నడుస్తూనే ఉన్నారు.

నేనూ దిగేవాణ్ణి. ఒక సాయంత్రం దిగలేదు. వీరత్వం ఏమీ కాదు. అది మెరక మీంచి ఊళ్ళోకి దిగే బాట, గాలి వెనకనుంచి తోస్తోంది, కాళ్ళు మాట వినలేదు. సరిగ్గా దర్వాజ ముందు ఓ బర్రె అడ్డంగా పడుకుని ఉంటే చెయ్యి దానంతటదే బెల్లు కొట్టింది. "ఎవడ్రా వాడు? గడి ముంగట బెల్లు గొట్టుకుంట పోతుండు!" అని లోపలినుంచి కేక వినపడింది. ఆ వారమే దొర వచ్చి ఉన్నాడట, నా ఖర్మ.

మర్నాడు నన్ను పిలవలేదు. బాపును పిలిచారు. పొద్దున పోయినవాడు ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా దర్వాజ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దొర బయటికి రానే లేదు, ఒక్క మాట అననూ లేదు. ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగి, బాపు మళ్ళీ మగ్గం గుంతలోకి దిగాడు.

"నువ్వెందుకు నిలవడ్డవ్ బాపూ?" అని అరిచాను.

"నిలవడితే ఏం బోయింది? కాళ్ళు గుంజినయ్, గంతే."

నాకు దొర మీదకన్నా బాపు మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. అవ్వ ముందు ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఆ గడి ముందు సైకిల్ దిగేది లేదు, అసలు ఆ బాటనే పోయేది లేదు.

"మరెట్ల పోతవ్? రెక్కలొచ్చినయా?" అంది అవ్వ.

గుట్ట చుట్టూ పోయాను. ఊరి వెనక చెరువు కట్ట ఎక్కి, తూము దాటి, తాటివనంలోంచి రెండు గుట్టల సందులోకి దిగితే బండ్ల బాట ఒకటుండేది. గుట్టకు ముప్పాతిక భాగం చుట్టి వస్తే ఎలగందుల బాట తగులుతుంది. అక్కణ్ణుంచి కరీంనగర్. తిన్న బాటకు ఇది మూడింతలు. ఎండాకాలంలో ఇంకో దారి, మానేరులోకి దిగి సైకిల్ భుజాన వేసుకుని ఇసుకలో నడవడం. కాళ్ళు కాలి బొబ్బలెక్కేవి. ఊళ్ళో నా ఈడువాళ్ళకు నేనొక తమాషా. "ముక్కేదిరా అంటే తల సుట్టు చెయ్యి తిప్పి సూపెట్టేటోడు అగో, వస్తుండు!" అని రచ్చ దగ్గర నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకునేవాణ్ణి. వాళ్ళు దిగుతున్నారు, నేను దిగడం లేదు, అంతే నాకు కావలసింది.

పంతంగా మొదలైంది కాస్తా పిచ్చిగా మారింది. సెలవు రోజున కాలుగాలిన పిల్లిలా ఇంట్లో నాలుగు సార్లు తిరిగి, సైకిల్ తీసేవాణ్ణి. మానకొండూరు చెరువు దాకా పోయి, నీళ్ళ మీద బాతులు లేచేదాకా బెల్లు కొట్టి, కూర్చోకుండానే తిరిగొచ్చేవాణ్ణి. వేములవాడ పోయి గుడి బయటినుంచే దండం పెట్టి సైకిల్ తిప్పేవాణ్ణి. ఒకసారి పెద్దపల్లి దాకా తొక్కి రైలు చూశాను. అది ఆగింది, కదిలింది, పోయింది. నాకు మందమర్రి బొగ్గుబాయికి పోతున్న ఆ మనుషులందరి మీదా అసూయ పుట్టింది. చేరిన చోట నాకెన్నడూ పని లేదు. చేరగానే మనసు ఇంకెటో లాగేది. ఇంటి దారిలో గుట్టల సందులో కోతులు బాట మీద బైఠాయించేవి, సీతాఫలాలు తింటూ. వాటికి మాత్రం ఆపకుండా బెల్లు కొట్టేవాణ్ణి. మనుషుల మీద కొట్టలేని బెల్లంతా వాటి మీద కొట్టేవాణ్ణి.

ఏళ్ళు గడిచాయి. ఆంధ్రప్రదేశ్ వచ్చింది. దొర రావడం మానేశాడు. గడికి తాళం పడింది, ఒక బురుజు వానకు కూలింది, కూలిన చోట మేకలు ఎక్కి గడ్డి మేసేవి. అయినా గోడ దగ్గర జనం దిగుతూనే ఉన్నారు. బాపు కరీంనగర్ అంగడికి నడిచి పోయినా సరే, గోడ పొడవునా చెప్పులు చేతిలోనే. నేను మాత్రం గుట్ట చుట్టూ.

ఒక వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. బాపుకు కడుపులో నొప్పి మొదలైంది. ఒక రాత్రంతా మెలికలు తిరిగాడు, తాగిన నీళ్ళు తాగినట్టే కక్కుకున్నాడు. తెల్లవారాక ఊరి వైద్యుడు పొట్ట నొక్కి చూసి, "పేగు మడతవడ్డది. నా చేతుల లేదు. దవాఖానకు ఉరుకుండ్రి, ఆల్చెం చేస్తే మనిషి దక్కడు" అన్నాడు. బురదలో ఎడ్లబండి పోయేసరికి పొద్దు వాలుతుంది. బాపును సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టి, పడిపోకుండా కండువాతో నా నడుముకు కట్టేసింది అవ్వ. ముడి మూడుసార్లు జారింది.

అలవాటు చొప్పున చెరువు వైపు తిప్పాను. చెరువు నిండి మత్తడి మీంచి నీళ్ళు దుంకుతున్నాయి. కట్ట కింద బాటంతా ఎర్రటి నీళ్ళు, మొలలోతు. ఇంకేముంది, మిగిలింది గడి బాటే. దొరలు కట్టుకునేది ఎప్పుడూ మెరక మీదే కదా, ఆ బాట మునగదు.

గోడ మొదలైంది. వీపుకు ఆనుకున్న తల లేచింది.

"ఆపు బిడ్డా. దిగుత."

"గడిల ఎవ్వలు లేరు బాపూ! కుక్క గూడ లేదు!"

"లేకపోతేంది? నేనున్న గద."

దిగబోయాడు. కండువా బిగుసుకుని నన్ను వెనక్కి లాగింది. సైకిల్ ఊగింది. "కదలకు, నీ కాల్మొక్త, కదలకు" అని ఏడుస్తూ తొక్కాను. దిగడం చేతగాక బాపు ఏం చేశాడో తెలుసా? కూర్చున్నచోటే వంగి, నొప్పికి మూలుగుతూ, చెప్పులు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ మూలుగు ఇప్పటికీ నా వీపులో ఉంది. నేను మాత్రం ఏం ఒరగబెట్టాను? దర్వాజ ముందుకు రాగానే, ఇన్నేళ్ళు కోతుల మీద చూపించిన మగతనమంతా బొటనవేలికి తెచ్చుకుని బెల్లు మీద పెట్టాను. కొట్టలేకపోయాను. గోడ అయిపోయింది.

దవాఖానలో వెంటనే పొట్ట కోశారు. లోపలికి తీసుకుపోయేటప్పుడు చెప్పులు నా చేతికిచ్చాడు బాపు. అవి పట్టుకుని వరండాలో ఈ చివరికీ ఆ చివరికీ తిరుగుతూనే ఉన్నాను. కూర్చో, కూర్చో అని నర్సమ్మ రెండుసార్లు కసిరింది. నా వల్ల కాలేదు. పోతాడేమో, ఒళ్ళో చెప్పులు పెట్టుకుని ఆ గోడ దాటడమే ఆయన ఆఖరి ప్రయాణం అవుతుందేమో అన్న భయం తప్ప నాకింకేమీ తోచలేదు.

చావు తప్పింది. కుట్లు మానేదాకా ఉంచి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వాన వెలిసింది, ఎండ కాస్తోంది. బాపును మళ్ళీ క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని, ఈసారి కండువా కట్టకుండా, మెల్లగా తొక్కుతూ వచ్చాను. బాట చీలే చోట నా హ్యాండిల్ దానంతటదే ఎలగందుల వైపు తిరిగింది.

"యాడికి దిప్పుతున్నవ్?" అన్నాడు బాపు.

"మత్తడి తగ్గింది గద. గుట్ట సుట్టు పోదం."

"ఎందుకు?"

నీకోసం అందామనుకున్నాను. నీకు దిగే బాధ తప్పుతుందని. అది అబద్ధమని నాకే తెలిసింది.

"మంచంల పండుకోని మస్తు సోచాయించిన" అన్నాడు బాపు. "నేను గడి గోడ ఉన్నంత మేరనే దిగిన. నువ్వు గుట్ట గుట్టంత దిగినవ్ గదరా, గిన్నేండ్ల సంది."

ఆయన ఎగతాళిగా అనలేదు. జాలిగా అన్నాడు, అదే తట్టుకోలేకపోయాను. గుట్టలు, చెరువు కట్టలు, మానేరు ఇసుక, నేను తొక్కిన దారులన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అన్నిటికీ నడుమ ఆ దర్వాజే ఉంది. కళ్ళు తుడుచుకుని హ్యాండిల్ తిన్న బాటకు తిప్పాను.

గోడ వచ్చింది. వెనక ఏం జరుగుతోందో నాకు కనపడదు. చెప్పులు విప్పుతాడేమో, దిగుతానంటాడేమో అని చెవులు రెండూ వెనక్కే పెట్టి తొక్కాను. బాపు కదల్లేదు. ఆయన ఊపిరి మాత్రం గట్టిగా వినపడుతోంది. కూలిన బురుజు మీద మేకలు తలెత్తి చూశాయి. దర్వాజ దగ్గరికి వచ్చాం. నా భుజం మీద బాపు చెయ్యి పడింది.

"బెల్లు గొట్టు" అన్నాడు.

కొట్టాను. గోడ దాటినా కొడుతూనే ఉన్నాను. మా ఇంటి ముందుకొచ్చి అవ్వ ఉరికొచ్చేదాకా కొడుతూనే ఉన్నాను. "ఇగ సాల్తియ్ రా, చెవులు వోతున్నయ్" అన్నాడు బాపు.